ఫొటోలకు కొట్టే గంట

మొయినాబాదు వెళ్లొచ్చిన దగ్గర్నుంచి తెనాలిలో అందరూ నన్ను ఒకటే అడుగుతున్నారు, ఫొటోలు బాగా వచ్చాయా అని. వచ్చాయి. చాలా బాగా వచ్చాయి. ఆ మాట చెప్పి ఊరుకుంటే పోయేది, కానీ ఊరుకుంటే గుండెలో రాయి పెట్టుకుని తిరుగుతున్నట్టుంది. అందుకే రాస్తున్నాను. అటువైపు వెళ్లనివాళ్ల కోసం, ముఖ్యంగా రేపో మాపో అక్కడ తెల్ల గౌనులో నిలబడబోయే ఆడపిల్లల కోసం.

నేను బట్టలు కుట్టేదాన్ని. బొటిక్కు అని బోర్డు మీద ఈ మధ్యే రాయించాను, అంతకుముందు లేడీస్ టైలరే. మా పక్కింటి హారికకు పెళ్లి కుదిరింది. పెళ్లికి ముందు ఒక ఫొటోల షూటింగు ఉండి తీరాలిట ఇప్పుడు. అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం, అందుకని మొయినాబాదు దగ్గర ఒక స్టూడియో మాట్లాడారు. గౌన్లు, లంగాఓణీలు కుట్టింది నేను గనుక అక్కడికక్కడ సవరించడానికి నన్నూ వెంటబెట్టుకెళ్లారు. కొత్త ఫ్యాషన్లు కళ్లారా చూసి నాలుగు ముక్కలు నేర్చుకోవచ్చని దారంతా సంబరపడ్డాను. ఈ వయసులో కూడా నాకు బుద్ధి రాలేదని మా ఆయన అంటూ ఉంటాడు, అది నిజమే.

చేవెళ్ల: వెలిసిన రంగులు

అబ్బాయి తరఫు చుట్టాలు చేవెళ్లలో బట్టల వ్యాపారం చేస్తారు. మొదట వాళ్లింట్లోనే దిగాం. పొద్దున్నే రోడ్డు పక్క బండి దగ్గర పూరీ తిన్నాను, ప్లేటు నలభై. ఆలూ కూర బాగుంది. అల్లం చట్నీ ఉందా అని అడిగితే బండాయన నన్ను పైనుంచి కిందకి చూసి, "ఆంధ్రా నుంచొచ్చినవా అక్కా, పల్లీ చట్నీ తిను, అలవాటైతది," అన్నాడు. తిన్నాను. నీళ్లగా ఉంది గానీ కారం సరిపోయింది.

హారికకు పూలు కావాలి. చేవెళ్ల చుట్టుపక్కల పూలతోటలు ఎక్కువ, మార్కెట్లో బంతి, చామంతి కుప్పలు కుప్పలుగా పోసి ఉన్నాయి. ఆ పసుపు చూస్తే నా కడుపు నిండింది. హారిక మాత్రం ఫోనులో ఒక బొమ్మ తీసి పూలమ్మే అవ్వకు చూపించింది. మాసిపోయిన గులాబీ రంగు, దుమ్ము పట్టినట్టు ఉంటుంది. ఈ ఏడాది పెళ్లిళ్లన్నిటికీ అదే రంగుట.

అవ్వ ఫోను దూరంగా పట్టుకుని చూసింది. "గీ రంగు చెట్టుకు రాదు బిడ్డా. ఎండినంక వస్తది," అంది. తర్వాత నా వైపు తిరిగి, "డెకరేషనోళ్లు ప్లాస్టిక్‌వి కొంటున్నరు. ఒక్కసారి కొని ఊరూరికి కిరాయికిస్తరు. మా పువ్వు రెండో దినానికి వాడుతది, అదే దాని తప్పు," అంది. హారిక ఏమీ కొనలేదు. నేను సిగ్గుపడి పావుకిలో చామంతి కొన్నాను, దాంతో ఏం చేయాలో తెలియక సంచిలో వేసుకు తిరిగాను.

చుట్టాలాయన తన కొట్టు చూపించాడు. గోడ మీద పాత బోర్డు ఇంకా ఉంది, రంగు గ్యారంటీ అని. దాని కింద బీరువాల నిండా వెలిసిన నీలం, వెలిసిన ఆకుపచ్చ, టీలో ముంచి తీసినట్టున్న తెలుపు. "గిప్పుడు గట్టి రంగు ఎవ్వరడుగుతలేరమ్మా. కొత్త బట్ట పాతగ కనవడాలె," అన్నాడు. నా బతుకంతా నేను కుట్టిన బట్ట వెలిసిపోదని ఆడవాళ్లకు ఒట్లు వేసి నమ్మించడంలోనే గడిచింది. ఇప్పుడు వెలిసినందుకే ఎక్కువ డబ్బులిస్తున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక ఆయనిచ్చిన చాయ్ తాగి వచ్చేశాను.

మొయినాబాదు: తెగిన జిప్పు

చేవెళ్ల నుంచి మొయినాబాదు వైపు వస్తుంటే మధ్యలో క్యారెట్, ఆకుకూరల మళ్లు, వాటిని ఆనుకుని ఫామ్‌హౌసుల గోడలు. గోడలకు ఎడ్లబండి చక్రాలు తగిలించారు. ఒక గేటు దగ్గర నాగలి నిలబెట్టి దానికి లైట్లు చుట్టారు. దుక్కి మానేసిన చోట నాగలిని అలంకారానికి పెట్టడం మా కృష్ణా డెల్టాలో ఇంకా మొదలు కాలేదు. త్వరలోనే మొదలవుతుంది లెండి.

స్టూడియోలో గౌను తొడగ్గానే జిప్పు తెగింది. అన్నం మానేసి సన్నబడ్డానని హారిక అంది, జిప్పు ఒప్పుకోలేదు. వాళ్లు వేరే బట్టలతో మొదలుపెట్టేసరికి నేను జిప్పు కోసం మొయినాబాదు పరుగెత్తాను. మీగడ రంగు జిప్పు ఆ సెంటర్లో దొరకలేదు. తెల్లది దొరికింది, ఇరవై రూపాయలు. తిరిగి వస్తూ హిమాయత్‌నగర్ దాకా ఒక షేర్ ఆటో (హైదరాబాదులోది కాదు, అక్కడ ఆ పేరుతో ఒక పల్లె ఉంది), అక్కడ మారి ఇంకోటి.

రెండో ఆటోలో నా ఎదురుగా ఒక పెద్దాయన. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, ఒళ్లో మందుల కవరు. నేను మెడలో టేపు తీయడం మరిచిపోయి కూర్చున్నాను. ఆ టేపు చూసి ఆయనే పలకరించాడు.

"షూటింగులకొచ్చినవా బిడ్డా?"

"అవునండి, బట్టలు కుట్టాను."

"జర అండ్ల మేనేజరుకు ఒక మాట చెప్తవా? గేటు కాడ వాచ్‌మన్ నన్ను లోపటికి రానిస్తలేడు. ఆ గంట మాదే."

ఆయన పేరు దేవదానం. స్టూడియోకు ఆనుకునే ఉంది ఆయన ఊరు. ఊరి పేరు రాయను, ఎందుకంటే అక్కడ ఎవరి తప్పూ లేదు, చదివినవాళ్లు తప్పు వెతుకుతారు. ఆ ఊళ్లో పాత చర్చి ఉండేది. వాళ్లు గుడి అనే అంటారు.

"కప్పు కురుస్తుండె. జనానికి జాగ సాలకుండె. కొత్తది కట్టుకుందామని అందరం చెయ్యెత్తినం, నేను గూడ ఎత్తిన. పాత తలుపులు, బెంచీలు, గంట స్టూడియోవోళ్లు కొనుక్కపోయిండ్రు. కొత్త గుడిల మైకు ఉన్నదాయె, ఇంక గంటెందుకన్నరు."

ఆ గంట కొట్టింది దేవదానమే, వాళ్ల నాన్న తర్వాత. ఆదివారం అయితే జంట దెబ్బలు, గబగబా. మనిషి పోతే ఒక్కటే దెబ్బ. ఆ మోత పూర్తిగా అణిగేదాకా ఆగి, అప్పుడు ఇంకొకటి. అది వినబడితే ఎవరి పొయ్యి మీద ఏది ఉన్నా దించేసి ఇంటి ముందుకొచ్చి నిలబడాలి. ఆయన గంట ఆపి, వీధిలోకి వచ్చి పేరు చెబుతాడు. అందరూ కలిసి ఆ ఇంటికి నడుస్తారు. మా వైపు చావు కబురు మనిషిని పంపి ఇంటింటికీ చెప్పిస్తాం, కబురు అందలేదని అలిగేవాళ్లూ ఉంటారు. ఇక్కడ అలగడానికి లేదు, గంట అందరికీ ఒకేసారి వినబడుతుంది.

"గిప్పుడు పెండ్లిపిల్లలు కొడ్తరు," అన్నాడు. "మెల్లగ కొట్టుమంటరట ఫొటోలకు. ఒక్క దెబ్బ, ఆగి ఇంకో దెబ్బ. మొదట్ల ఊరంత బయటికొచ్చి నిలబడేది, ఎవరు పోయిండ్రు, ఎవరు పోయిండ్రని."

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడు రారు."

ఆటో గతుకుల్లో ఊగుతూ పోతోంది. ఆయన మందుల కవరు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆయన భార్య శాంతమ్మ మంచంలో ఉంది. ఇంక ఇంటికి తీసుకెళ్లమని దవాఖానలో చెప్పేశారు. ఆమె మాత్రం గంట మోగినప్పుడల్లా ఇప్పటికీ అడుగుతుంది, ఎవరు పోయిండ్రని.

"షూటింగని చెప్పబుద్ధి గాదు. ఎవరో తెల్వనోళ్లని చెప్త. పండుకున్నకాడ్నే వాళ్ల కోసం ప్రార్థన చేస్తది. ఆమె పోయిన్నాడు ఆ గంట నన్ను కొట్టనియ్యాలె బిడ్డా. గంతే. మేనేజరుకు గది చెప్పు."

చెబుతానన్నాను. నా సంచిలో ఉన్న చామంతులు తీసి ఆయన చేతిలో పెట్టాను.

స్టూడియో: దేవుడు లేని గుడి

ఆ స్టూడియోను చూడనివాళ్లకు ఎలా చెప్పను. ఒక ఆవరణలో ప్రపంచమంతా ఉంది. ఎర్ర టెలిఫోను డబ్బా ఉంది, అందులో ఫోను లేదు. రైలు స్టేషను ఉంది, పట్టాలు రెండు గజాల తర్వాత ఆగిపోతాయి. పూరిగుడిసె ముందు కుండలు, కుండల అడుగున చిల్లులు, నీళ్లు నిలవకూడదని. గుడిసె గోడకు ఏసీ మిషను కనబడకుండా తాటాకు కప్పారు.

చివర్లో చర్చి. తలుపుల మీద కొత్తగా నీలం వేసి, దాన్ని మళ్లీ గరుకు కాగితంతో గీకి ఊడదీశారు. బెంచీలు అసలువి. ఒక బెంచీ అంచు నునుపు తేలి ఉంది, ఎన్నేళ్లు ఎంతమంది చేతులు ఆన్చి లేచారో. శిలువ లేదు. ఎందుకు లేదని అడిగితే, అన్ని మతాలవాళ్లూ వస్తారు కదా మేడం అన్నాడు కుర్ర మేనేజరు. బయట కొయ్య చట్రానికి గంట వేలాడుతోంది.

ఆ మేనేజరు మంచివాడు. దేవదానం సంగతి చెప్పగానే ముఖం మారిపోయింది. "మాకెవరూ చెప్పలే మేడం. ఏ టైముకొచ్చినా కొట్టుకొమ్మనండి. బుకింగ్ ఉన్నా ఆపేస్త," అని అప్పటికప్పుడు వాచ్‌మన్‌ను పిలిచి చెప్పాడు. నాకు కాస్త ఊపిరి వచ్చింది.

ఫొటోలు తీయించే డైరెక్టరు పక్కనుంచి విన్నాడు. వాడి కళ్లు మెరిశాయి. "మేడం, ఇదీ కంటెంట్ అంటే. ఆ తాత గంట కొడుతుంటే వెనక మన జంట నడుస్తుంటే. ఒరిజినల్ ఎమోషన్." నేను కత్తెర చేతిలో పట్టుకుని వాడివైపు చూశాను. వాడు వెనక్కి తగ్గాడు గానీ నా మాటకు కాదు, కత్తెరకు.

ఈలోపు తెల్ల జిప్పు వేసిన మీగడ గౌనులో హారిక గంట దగ్గరికి వచ్చింది. ఎంత అందంగా ఉందో, నేను కుట్టిందని కాదు. తాడు పట్టుకుని నవ్వింది. "స్లోగా, ఇంకా స్లోగా," అన్నాడు డైరెక్టరు. ఒక దెబ్బ పడింది. మోత అణిగేదాకా ఆగారు. ఇంకొక దెబ్బ. గోడ అవతల శాంతమ్మ ఇప్పుడు అడుగుతూ ఉంటుందని నాకు తెలుసు. హారికను ఆపుదామని అడుగు వేశాను. ఏమని ఆపను? ఆ పిల్ల జీవితంలో ఒకే ఒక్కసారి ఉండే రోజు. నిలబడిపోయాను.

ఊళ్లో: పుంటికూర, జొన్నరొట్టె

సాయంత్రం షూటింగు ఆగాక మేనేజరు ఒప్పుకున్న మాట చెప్పడానికి దేవదానం ఇంటికి వెళ్లాను. దారిలోనే కొత్త చర్చి. అద్దాల ముఖం, రంగులు మారే లైట్ల శిలువ, మా తెనాలిలో కొత్తగా తెరిచిన బంగారం షాపు గుర్తొచ్చింది. లోపల మాత్రం ఫ్యాన్లున్నాయి, నేల మీద కూర్చోలేని ఆడవాళ్లకు కుర్చీలున్నాయి. అది వద్దని అనడానికి నేనెవర్ని.

ఇంట్లో ఆయనే రొట్టెలు చేస్తున్నాడు. జొన్నరొట్టెలు, మందంగా, అంచులు పగిలి. దాంతో గోంగూర పప్పు. గోంగూర అంటే, "మేము పుంటికూరంటం," అని సరిదిద్దాడు. పులుపు మా దానికంటే తక్కువ. రెండు రొట్టెలు తిన్నాను, మూడోది వద్దంటే వినలేదు. మేనేజరు సరేనన్నాడని చెబితే చేతులు జోడించాడు, నాకు కాదు, పైకి చూసి. నా చామంతులు శాంతమ్మ తలగడ పక్కన స్టీలు గ్లాసులో ఉన్నాయి.

ఆయన నీళ్లు పట్టడానికి బయటికి వెళ్లగానే శాంతమ్మ నా కొంగు వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. చెయ్యి ఎముకే.

"ఇయ్యాల గంట కొట్టిన పిల్లకు గౌను నువ్వే కుట్టినవా?"

అవునని తలూపాను.

"నాకెరుకే బిడ్డా, గవి షూటింగులని. మంచంల ఉన్నగని చెవులు మంచిగనె ఉన్నయి. ఆయనకు చెప్పకు."

"మరి ఎందుకమ్మా అడుగుతారు, ఎవరు పోయారని?"

"పెండ్లయినకాడ్నించి గంట మోగితె నేనడిగేది, ఆయన చెప్పేది. ఊరందరికంటె ముందు నాకే చెప్పేది. నేను గూడ అడుగకపోతె ఆయనను అడిగేటోళ్లు ఎవరున్నరు?"

ప్రార్థన కూడా ఉత్తదేనా అని అడగబోయి ఆగాను. ఆమే చెప్పింది. "పెండ్లి చేసుకునేటోళ్లకు ప్రార్థన వద్దా? చేస్త. ఆ పిల్ల పేరేంది?"

హారిక అన్నాను. రెండుసార్లు అనుకుని గుర్తుపెట్టుకుంది. దేవదానం బిందెతో లోపలికొచ్చాడు. బయటికొచ్చి స్టూడియో దాకా ఏడ్చుకుంటూ నడిచాను. ఎవరైనా చూస్తే దుమ్ము పడిందని చెబుదామనుకున్నాను, ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున

రాత్రి స్టూడియో గదుల్లోనే పడుకున్నాం. లేత ఎండలో ఫొటోలు బాగా వస్తాయని తెల్లవారకముందే అందర్నీ లేపారు. చర్చి ముందు హారికకు ఓణీ సర్దుతున్నాను. గేటు తెరుచుకుంది. దేవదానం వచ్చాడు. అదే తెల్ల చొక్కా, గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. ఆ గుండీలు చూడగానే నాకు తెలిసిపోయింది.

మేనేజరు పరుగెత్తుకొచ్చి ఆయన్ని చెయ్యి పట్టుకుని గంట దగ్గరికి తీసుకెళ్లాడు. డైరెక్టరు తనంతట తానే కెమెరా కిందకి దించాడు. వాణ్ణి తిట్టుకున్నందుకు మనసులో లెంపలేసుకున్నాను. హారిక చెప్పులు విడిచి, ఓణీ కొంగు తల మీదికి లాక్కుని నిలబడింది. ఎవరూ చెప్పకుండానే.

ఆయన తాడు పట్టుకున్నాడు. ఒక్క దెబ్బ. మోత గోడలు దాటి, ఊరి మీద నుంచి, మళ్ల మీద నుంచి సాగిపోయి అణిగింది. అప్పుడు రెండోది. హారిక కొట్టినప్పుడు అది గంట శబ్దంలా ఉంది. ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తున్నట్టుంది. ఇంటి దగ్గర ఎవరైనా ఉండాలని నేను ఊళ్లోకి నడిచాను. జనం బయటికొచ్చి నిలబడటం చూడాలని కూడా ఉంది నాకు, దాచడమెందుకు.

వీధిలో ఒకాయన బండి స్టార్టు చేస్తున్నాడు, డ్యూటీ టైమైనట్టుంది. కాలేజీ అమ్మాయి ఆటో కోసం నిలబడి చెవుల్లో పాటలు వింటోంది. ఒకావిడ ఇంటి ముందు ఊడుస్తోంది. వెనక గంట మోగుతూనే ఉంది. ఆవిడ నడుం పట్టుకుని నిటారుగా నిలబడి, కొత్త మనిషినని నావైపు చూసి నవ్వింది.

"ఇయ్యాల పొద్దుగాల్నే మొదలువెట్టిండ్రు షూటింగు," అంది.

"షూటింగు కాదమ్మా. శాంతమ్మ గారు పోయారు. కొడుతున్నది దేవదానం గారు."

ఆవిడ చీపురు చేతిలో పట్టుకుని నన్ను నమ్మాలో వద్దో తెలియనట్టు చూసింది. జాకెట్లోంచి ఫోను తీసింది. తెరిచి వేలితో పైకీ కిందకీ జరిపింది.

"గ్రూపుల ఏం రాలే గదా," అంది.

గంట మీద ఇంకొక దెబ్బ పడింది. అప్పుడు ఆవిడ ముఖం పాలిపోయింది. చీపురు పడేసి ఆ ఇంటివైపు పరుగెత్తింది. నేను పక్కింటి తలుపు కొట్టాను. ఆ పక్కది కొట్టాను. ఎవరి పేరూ తెలియని ఊళ్లో, నా తెనాలి యాసలో, శాంతమ్మ గారు పోయారండి, శాంతమ్మ గారండి, అని చెప్పుకుంటూ పోయాను. కొందరు వచ్చారు. కొందరు ముందు ఫోను చూసుకుని వచ్చారు. కొన్ని తలుపులు తీయలేదు. గంట వినబడుతున్నంతసేపూ, ఆయన అక్కడ ఏమనుకుంటూ కొడుతున్నాడో అని తలచుకుంటూ ఇంకో తలుపు, ఇంకో తలుపు కొట్టాను.

గంట ఆగింది. ఆయన అలవాటు ప్రకారం పేరు చెప్పడానికి వీధి మధ్యలోకి వచ్చాడు. నోరు తెరిచి, రెండు వైపులా చూసి, మూసుకున్నాడు. ఇళ్ల ముందు ఎవరూ లేరు, వీధిలో నేనొక్కదాన్నే ఉన్నాను. నా దగ్గరికి వచ్చాడు.

"అందరు బయటికొచ్చిండ్రా బిడ్డా?"

"వచ్చారు బాబాయ్. అందరూ వచ్చారు. ఇంటి దగ్గరే ఉన్నారు."

ఆయన ఆవిడ పడేసి పోయిన చీపురు చూశాడు, మూసి ఉన్న తలుపులు చూశాడు. నా ముఖం కూడా చూశాడు. శాంతమ్మకు తాను ఎన్నాళ్లుగానో చెబుతూ వచ్చిన మాటలాంటిదే నేను చెబుతున్నానని ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది. వంగి ఆ చీపురు తీసి గోడకు ఆనించాడు.

"షూటింగనుకున్నరు," అన్నాడు. గుండీలు విప్పి, సరిగా పెట్టుకుని, ఇంటివైపు నడిచాడు.